పహాణీలో చెరిగిన గడి: భూ చట్టాలు, కంప్యూటర్ దస్త్రాలు, కౌలు సాగుదారు

తెలంగాణ పల్లెలలో తరతరాలుగా రాస్తూ వచ్చిన పహాణీలో పట్టాదారు పేరు పక్కన మరొక గడి ఉండేది. ఆ ఏడు ఆ చేను ఎవరి అనుభవంలో ఉన్నదో, ఎవరు దున్నుతున్నారో గ్రామాధికారి అందులో నమోదు చేసేవాడు. అది హక్కును ప్రసాదించే గడి కాదు, ఉన్న స్థితిని చెప్పే గడి. కోస్తా, రాయలసీమ జిల్లాలలో అడంగల్ పేరుతో నడిచిన లెక్కలోనూ ఇదే పద్ధతి. పట్టా ఒకరిది, సాగు మరొకరిది అయినప్పుడు పంట రుణమిచ్చే బ్యాంకు గాని, నష్టం అంచనా వేసే సిబ్బంది గాని, న్యాయస్థానం గాని వెదికే ఆధారాలలో అది ముఖ్యమైనది. 2017 సెప్టెంబర్ 15న తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలై, దాని ఫలితాలు కంప్యూటర్‌లోకి ఎక్కిన తరువాత ఆ గడి కనిపించకుండా పోయింది.

దీనికి నాటి ప్రభుత్వం చెప్పిన కారణం పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. అనుభవదారు గడిలో తప్పుడు పేర్లు చొప్పించి, ఆ రాతను పట్టుకొని పట్టాదారును కోర్టుల చుట్టూ తిప్పడం గ్రామాలకు కొత్త కాదు. కౌలు అనేది యజమానికీ కౌలుదారుకూ నడుమ జరిగే ఒప్పందమనీ, ప్రభుత్వ దస్త్రానికి దానితో నిమిత్తం లేదనీ ఆ ప్రభుత్వం వాదించింది. అయితే అదే దస్త్రం ఆధారంగా 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు, 2019 నుంచి 5,000 రూపాయలు పట్టాదారు ఖాతాలో పడ్డాయి. 2018 ఆగస్టులో ఆరంభమైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల వయసు గల పాసుపుస్తకదారులకు 5 లక్షల రూపాయల భరోసా ఇచ్చింది. అప్పు తెచ్చి, కౌలు ముందే చెల్లించి, పత్తి వేసి నష్టపోయిన వ్యక్తి మరణిస్తే, అతని పేరిట ఒక్క గుంట భూమి కూడా లేకపోతే, ఆ కుటుంబం ఈ బీమా పరిధిలోకి రాదు. పొలంలో అతడే రైతు. దస్త్రంలో అతని పేరు రాయడానికి చోటు లేదు.

ఇది కేవలం ఒక ప్రభుత్వ విధానానికి సంబంధించిన విషయమే అయితే వ్యవసాయ పరిశోధకులకు దీనితో అంత పని ఉండేది కాదు. భూ చట్టం ఆలోచించే తీరుకూ, కంప్యూటర్ ప్రోగ్రామ్ పనిచేసే తీరుకూ మధ్య ఉన్న మౌలికమైన తేడా ఇందులో ఉంది. గత రెండు దశాబ్దాలలో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఆ తేడా పదేపదే బయటపడింది.

రాతలో ఉన్న వెసులుబాటు

1971 నాటి భూ హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం హక్కుల రికార్డులోని నమోదును, అది తప్పని రుజువు అయ్యే వరకు, సరైనదిగానే భావించాలి. ఈ వాక్యంలోని రెండు సగాలూ సమానంగా ముఖ్యమైనవి. నమోదుకు విలువ ఉంది, కాని అది తుది మాట కాదు. మన దేశంలో భూమి రిజిస్ట్రేషన్ అంటే ప్రభుత్వం హక్కుకు హామీ ఇవ్వడం కాదు, లావాదేవీ పత్రాన్ని నమోదు చేయడమే. హక్కుపై వివాదం వస్తే పాత దస్త్రాలు, సాక్షులు, అనుభవం అన్నీ కలిపి న్యాయస్థానం తేల్చవలసిందే. తెలంగాణలో నేటికీ సేత్వార్‌ను, 1954-55 నాటి ఖాస్రా పహాణీని వెదికి తీయడం ఇందుకే. చట్టం దృష్టిలో ఏ నమోదుకైనా మూడు స్థితులు సాధ్యం: అవును, కాదు, ఇంకా తేలలేదు.

కాగితపు లెక్క ఈ మూడవ స్థితిని ఏదో ఒక విధంగా ఇముడ్చుకోగలిగింది. పహాణీ చివర కైఫియత్ గడి ఉండేది. కోర్టులో వ్యాజ్యం ఉన్నదనో, వాటాలు తేలలేదనో, వాగు కోసి కొంత విస్తీర్ణం పోయిందనో అందులో రాయవచ్చు. ఈ వెసులుబాటే అవినీతికి తలుపు తెరిచిందన్నది వాస్తవం. ఎర్ర సిరాతో కొట్టివేతలు, అంచులలో ఇరికించిన పేర్లు, మాయమైన పుటలు రెవెన్యూ చరిత్రలో భాగమే. కనుక కంప్యూటర్ రాకను రైతులు మొదట స్వాగతించడంలో ఆశ్చర్యం లేదు. 1998 నవంబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పేరిట కంప్యూటరీకరణ ఆరంభమైనప్పుడు, రోజుల తరబడి తిరిగితే గాని దొరకని ఆస్తి బదిలీ వివరాలు త్వరగా చేతికి అందాయి. ఆ దశలో కంప్యూటర్ గుమాస్తా చేసే పనినే వేగంగా చేసింది. చట్టం జోలికి పోలేదు.

చిక్కు తరువాతి దశలో వచ్చింది. కంప్యూటర్ దస్త్రాన్ని దాచిపెట్టే బీరువాగా గాక, లావాదేవీని అనుమతించే లేదా నిరాకరించే ద్వారంగా మారినప్పుడు, నమోదు తీరు మారిపోయింది. అప్పటివరకు నమోదు ఒక సాక్ష్యం. ఇప్పుడది తరువాతి మెట్టుకు షరతు. గడి నిండి ఉంటే ప్రోగ్రామ్ ముందుకు సాగుతుంది, లేకుంటే ఆగిపోతుంది. ‘ఇంకా తేలలేదు’ అనే స్థితిని ప్రత్యేకంగా రూపొందించి పెడితే తప్ప యంత్రానికి అది తెలియదు.

చిన్న ఉదాహరణ చాలు. తెలంగాణ దస్త్రాలలో 2.15 అని రాస్తే అది 2 ఎకరాల 15 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కనుక దశాంశంలో అది 2.375 ఎకరాలు. ఆంధ్ర ప్రాంతంలో అదే 2.15 అంటే 2 ఎకరాల 15 సెంట్లు, అంటే నిజంగానే 2.15 ఎకరాలు. 2.39కి ఒక గుంట కలిపితే గ్రామాధికారి 3.00 అని రాస్తాడు, మామూలు సంకలనం 2.40 అంటుంది. గ్రామంలో ఎవరూ చెప్పనవసరం లేని ఈ సంగతిని ప్రోగ్రామ్‌కు ముందే చెప్పాలి. చెప్పవలసినవి ఇలాంటివి వందలు ఉంటాయి. వాటిలో ఏది చెప్పాలో నిర్ణయించేవారు సర్వే గొలుసు పట్టినవారు కాకపోవడం మామూలే.

ముందు పోర్టల్, తరువాత ప్రశ్నలు

2020 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ రెండు చట్టాలను వెంటవెంటనే ఆమోదించింది. ఒకటి గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేసింది. రెండవది 1971 చట్టం స్థానంలో కొత్త హక్కుల రికార్డు చట్టాన్ని తెచ్చింది. అక్టోబర్ 29న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా మూడు చింతలపల్లిలో ధరణి పోర్టల్ ప్రారంభమైంది. దాని మేలును ముందుగా చెప్పుకోవడం న్యాయం. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ బాధ్యత తహసీల్దారుకు వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే కూర్చులో పూర్తయ్యాయి. వివాదం లేని భూమి కొన్నవారికి, పూర్వం నెలలు పట్టిన పని ఒక పూటలో ముగిసింది.

వివాదం ఉన్నవారి సంగతి వేరు. ప్రక్షాళనలో చిక్కులు లేని భూములను ‘ఎ’ భాగంలోను, చిక్కులున్నవాటిని ‘బి’ భాగంలోను చేర్చారు. ‘బి’ భాగంలోని భూములకు కొత్త పాసుపుస్తకాలు రాలేదు. సర్వే నంబరులో కొంత భాగం కాలువకో రహదారికో సేకరించినవైతే మొత్తం సర్వే నంబరే నిషేధిత జాబితాకు ఎక్కిన సందర్భాలు వచ్చాయి. ఒక సర్వే నంబరు కింది ఉపవిభాగాల విస్తీర్ణాలు కలిపితే మూల రిజిస్టరులోని విస్తీర్ణాన్ని మించినచోట లెక్క కుదరక పనులు ఆగాయి. క్షేత్రంలో ఇటువంటి తేడాలు సహజం. దశాబ్దాల క్రితం గొలుసుతో కొలిచిన నేల, తరువాత నోటి మాటతో పంచుకున్న వాటాలు, గట్లు జరిగిన కమతాలు గుంటలతో సహా సరిపోవాలని ఆశించడం నేల స్వభావం తెలియని ఆశ.

ఈ తప్పులను సరిదిద్దే మార్గం ఏమిటన్నదే అసలు ప్రశ్న. పాత చట్టంలో ఆర్డీవో ముందు అప్పీలు, ఆపై సమీక్ష ఉండేవి. 2020 చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసి, పెండింగు కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు పంపింది. కొత్త నమోదులపై అప్పీలుకు తగిన ఏర్పాటు లేకపోయింది. పోర్టల్‌లో ఏ సమస్యకు దరఖాస్తు ‘మాడ్యూల్’ ఉంటే ఆ సమస్యే పరిష్కారానికి నోచుకుంటుంది. మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా తరువాత చేరుతూ వచ్చాయి. చట్టంలో పరిష్కారం ఉండి తెరమీద మీట లేకపోతే పౌరుడికి ఆ పరిష్కారం లేనట్టే. శాసనసభ చర్చించి నిర్ణయించవలసిన విషయం సాఫ్ట్‌వేర్ పట్టికలో నిర్ణయమైపోవడమంటే ఇదే. గ్రామంలో ఏ గట్టు ఎవరిదో తెలిసిన ఉద్యోగి పదవి కూడా అదే కాలంలో రద్దు కావడంతో, తప్పు జరిగిందని చెప్పడానికి కూడా మండల కేంద్రానికో జిల్లా కలెక్టరు కార్యాలయానికో పోవలసి వచ్చింది.

సాదాబైనామా వ్యవహారం ఈ ఘర్షణకు స్పష్టమైన ఉదాహరణ. తెల్ల కాగితంపై రాసుకున్న కొనుగోళ్లను క్రమబద్ధం చేస్తామని 2020 అక్టోబర్‌లో ప్రభుత్వం దరఖాస్తులు పిలిచింది. గడువు నవంబర్ దాకా సాగింది. సుమారు 9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వాటికి ఆధారం 1971 చట్టంలోని 5-ఎ నిబంధన. దరఖాస్తులు ఇంకా అందుతుండగానే, అక్టోబర్ 29న, ఆ చట్టం రద్దయి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. అందులో అటువంటి నిబంధన లేదు. రద్దయిన చట్టం కింద కొత్త దరఖాస్తులను ఎలా పరిష్కరిస్తారని హైకోర్టు ప్రశ్నించి, కొత్త చట్టం వచ్చిన తరువాత అందిన దరఖాస్తులపై ముందుకు పోరాదని ఆదేశించింది. పోర్టల్ దరఖాస్తులను తీసుకుంటూనే ఉంది, చట్టం మాత్రం తలుపు మూసింది. చిన్న కమతాల రైతులు, అందులోనూ ఇరవై ముప్పై ఏళ్లుగా ఆ భూమినే దున్నుకుంటున్నవారు, పాసుపుస్తకం లేక పంట రుణానికి, పెట్టుబడి సాయానికి దూరంగా ఏళ్లపాటు ఉండిపోయారు.

వ్యవసాయేతర ఆస్తుల నమోదులో మరొక ప్రశ్న తలెత్తింది. ఆధార్, కులం వంటి వివరాలను ఏ చట్టం ఆధారంగా అడుగుతున్నారన్న అభ్యంతరం హైకోర్టుకు చేరింది. చివరకు 2020 డిసెంబర్‌లో ఆ ఆస్తుల రిజిస్ట్రేషన్లను పాత కార్డ్ పద్ధతిలోనే తిరిగి మొదలుపెట్టవలసి వచ్చింది.

2024 డిసెంబర్‌లో శాసనసభ ఆమోదించిన భూభారతి చట్టం, 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి పోర్టల్ ఈ లోపాలలో కొన్నింటిని నేరుగా అంగీకరించాయి. ఆర్డీవో, కలెక్టరు స్థాయిలలో అప్పీళ్లు వచ్చాయి. భూమి ట్రిబ్యునళ్లకు, పెండింగు సాదాబైనామాల పరిష్కారానికి చట్టంలో చోటు దొరికింది. పోర్టల్‌ను మొదట నాలుగు మండలాలలో ప్రయోగాత్మకంగా నడిపారు. వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఇది పరిచితమైన పద్ధతే. కొత్త వంగడాన్ని చిరు సంచుల ప్రదర్శన లేకుండా ఒకే సీజనులో రాష్ట్రమంతటా వేయమని ఎవరూ సిఫారసు చేయరు. రైతు జీవితాన్ని నేరుగా తాకే సాఫ్ట్‌వేర్‌కు ఆ నియమం వర్తించదని అనుకోవడానికి కారణం కనబడదు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో ఘర్షణ మరొక రూపం తీసుకుంది. 2020 డిసెంబర్ 21న కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో సమగ్ర రీసర్వే ప్రారంభమైంది. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలను సరిచేసే భూకేంద్రాలు ఉపయోగించి కమతాల హద్దులను కొత్తగా గుర్తించారు. పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. కొలత సూక్ష్మత పెరగడం నిజం. కాని కొలత సరిగ్గా ఉండటం వేరు, హద్దు సరిగ్గా ఉండటం వేరు. పరికరం గట్టు ఎక్కడ ఉన్నదో చెబుతుంది, అది అక్కడ ఎందుకు ఉన్నదో, ఉండవలసిన చోటేదో చెప్పదు. విస్తీర్ణం తగ్గిందన్న ఫిర్యాదులు వచ్చాయి. అన్నదమ్ములను లేదా పొరుగు రైతులను ఒకే పార్సిల్ నంబరు కింద ఉమ్మడిగా చూపినచోట, తమ వాటాను అమ్ముకోవాలన్నా తనఖా పెట్టాలన్నా మళ్లీ విభజన చేయించుకోవలసి వచ్చింది.

దీనితోపాటు వచ్చిన భూ యాజమాన్య హక్కుల చట్టం 2023 అక్టోబర్ 31న అమలులోకి వచ్చింది. నీతి ఆయోగ్ నమూనాను అనుసరించిన ఈ చట్టం ప్రకారం, రిజిస్టరులోని నమోదును రెండేళ్లలోగా ఎవరూ ప్రశ్నించకపోతే అది తిరుగులేని హక్కుగా స్థిరపడుతుంది. సివిల్ కోర్టుల పాత్ర చాలావరకు తొలగిపోతుంది. అంటే, తెలంగాణలో సాఫ్ట్‌వేర్ అప్రకటితంగా చేసిన పనిని ఇక్కడ చట్టమే ప్రకటించి చేయబూనింది: నమోదునే తుది మాటగా మార్చడం. న్యాయవాదులు ఆందోళనకు దిగారు, ఎన్నికలలో అది పెద్ద చర్చ అయింది, 2024 జూలైలో శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసింది. తిరుగులేని హక్కు అనే ఆలోచన స్వతహాగా చెడ్డది కాదు. ఆస్ట్రేలియాలో పుట్టిన టారెన్స్ పద్ధతి అలాంటిదే. కాని దానికి ముందు నమోదులు సరిగ్గా ఉండాలి, తప్పు జరిగితే ప్రభుత్వం పరిహారం చెల్లించడానికి సిద్ధపడాలి. తన ఫోనులో ఏ నమోదు మారిందో చూసుకోలేని ఒంటరి వృద్ధురాలికి రెండేళ్ల గడువు రక్షణగా తోచదు.

కౌలుదారు విషయంలో మాత్రం ఆంధ్రప్రదేశ్ దారి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన లైసెన్సుడు సాగుదారుల చట్టం యజమాని సంతకం అవసరం లేకుండానే, గ్రామంలో విచారణ జరిపి, సాగుదారుకు ఏడాదిపాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వాలని నిర్దేశించింది. భూమిపై హక్కుకు దానితో సంబంధం లేదని చట్టమే స్పష్టం చేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, 11 నెలల ఒప్పందం మీద కార్డు ఇచ్చే ఏర్పాటు చేసింది. అయితే ఆ ఒప్పందంపై యజమాని సంతకం కావాలి. సంతకం చేస్తే తన పేరిట వచ్చే సాయం పోతుందనో, భూమికే ఎసరు వస్తుందనో భయపడే యజమాని సంతకం పెట్టడు. కౌలు కోల్పోతానన్న భయంతో సాగుదారు అడగడు. కౌలు సాగు వాటా దేశంలోకెల్లా అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఒకటైన ఆంధ్రప్రదేశ్‌లో చట్టం ఇచ్చిన గడి ఖాళీగా మిగిలే స్థితికి ప్రధాన కారణం ఈ ఒక్క సంతకమే.

ఈ-పంట నమోదు ఈ చిక్కును కొంతవరకు దాటగలిగింది. గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలానికి వెళ్లి, పంటను ఫోటో తీసి, భూమి ఉన్న చోటుతో సహా, వాస్తవంగా సాగు చేస్తున్నవారి పేరును నమోదు చేయవచ్చు. పంట నష్ట పరిహారం, బీమా, ధాన్యం కొనుగోలు దానితో ముడిపడ్డాయి. కాగితపు అడంగల్‌లోని సాగుదారు గడి ఫోనులోకి తిరిగి రావడమే ఇది. కంప్యూటర్‌కు ఆ గడి ఉంచడం అసాధ్యం కాదని దీనివల్ల తేలింది. ఒకచోట గడిని తీసివేసినది సాంకేతిక పరిమితి కాదు, మనుషులు చేసిన నిర్ణయం. సాంకేతికతను నిందించి ఊరుకోవడం అందరికీ సౌకర్యంగా ఉంటుంది గాని, యంత్రం తనంతట తాను ఎవరి పేరునూ తొలగించదు.

కొత్త సంఖ్య, పాత ఆధారం

ఇప్పుడు ఈ ప్రశ్న జాతీయ స్థాయికి చేరింది. 2024 సెప్టెంబర్ 2న కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయల డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. రైతు రిజిస్ట్రీ, గ్రామ పటాలు, పంట నమోదు దీనిలోని మూడు మూల పట్టికలు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ రైతులకు 11 అంకెల విశిష్ట సంఖ్య కేటాయింపు మొదలైంది. ఆ సంఖ్యకు ఆధారం రాష్ట్రాల భూ దస్త్రాలే. అంటే పట్టాదారు గడిలో ఉన్న పేరే ‘రైతు’గా జాతీయ పట్టికలోకి వెళుతుంది.

పీఎం-కిసాన్ అనుభవం ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. ఏడాదికి 6,000 రూపాయలిచ్చే ఈ పథకానికి 2019 ఫిబ్రవరి 1 నాటి భూ దస్త్రాన్ని ప్రాతిపదికగా తీసుకున్నారు. ఆ తరువాత కొన్నవారికి, వారసత్వంగా వచ్చిన సందర్భంలో తప్ప, అర్హత లేకుండా నిబంధన పెట్టారు. కౌలుదారు మొదటి నుంచీ పరిధిలో లేడు. ఆపై ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాసుపుస్తకంలో వెనుక ఉన్నందుకో, ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా ఉన్నందుకో పేర్లు సరిపోలక మీసేవా కేంద్రాలకు తిరిగినవారు ఎందరో.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఇందులో స్వంత ప్రయోజనం ఉంది. రైతు రిజిస్ట్రీ నుంచి నమూనా తీసి ఎరువుల వాడకం, విత్తన మార్పిడి, యంత్రాల స్వీకరణపై సర్వే చేస్తే, ప్రశ్నపత్రం చేరేది హైదరాబాదులోనో బెంగుళూరులోనో నివసించే పట్టాదారుకు. కృష్ణా, గోదావరి డెల్టాలలో యూరియా ఎంత వేయాలో, ఏ వరి రకం పెట్టాలో, మొగి పురుగుకు ఎప్పుడు మందు కొట్టాలో నిర్ణయించేది మాత్రం కౌలు రైతు. భూసార పరీక్షా పత్రం, వాతావరణ హెచ్చరిక, సలహా సందేశం యజమాని ఫోనుకు పోతే అవి పొలానికి చేరవు. కౌలుదారు ఏడాదికే కమతం మారుస్తాడు కనుక సేంద్రియ కర్బనం పెంచే సిఫారసులపై అతని స్పందన పట్టాదారు స్పందనలా ఉండదు. ఈ ఇద్దరినీ ఒకే గడిలో పెట్టిన దత్తాంశం మీద కట్టిన నిర్ధారణలు ఎంత జాగ్రత్తగా లెక్కించినా పక్కదారి పడతాయి.

విశ్వవిద్యాలయాలు శాసనాలు చేయలేవు. కాని పట్టిక రూపకల్పన దశలో మాట్లాడగలవు. యజమానిని, ఆ సీజను సాగుదారును వేరువేరు గడులలో చూపాలని, సాగుదారు నమోదు యాజమాన్య హక్కుకు ఆధారం కాదని అదే తెరపైన, తెలుగులో, స్పష్టంగా ముద్రించాలని కోరవచ్చు. యజమాని భయానికి 2011 చట్టం చెప్పిన జవాబు అదే. తెలంగాణ శాసన గ్రంథంలో ఆ చట్టం నేటికీ రద్దు కాలేదు. వివాదంలో ఉన్న భూమికి ‘వివాదం’ అన్న గుర్తు పెట్టి, క్రయవిక్రయాలను ఆపినా పంట నమోదును, బీమాను ఆపకుండా ఉంచవచ్చు. హక్కు ఎవరిదన్న వ్యాజ్యం పదేళ్లు సాగినా ఆ నేలలో పది పంటలు పండుతాయి. వాటికి నీరు, ఎరువు, బీమా ఏ ఏటికి ఆ ఏడు కావాలి.

రిజిస్ట్రీ నమోదు గ్రామాలలో ఇంకా సాగుతున్నది. వానాకాలం నాట్లు పడే వేళకు విస్తరణాధికారి చేతిలోని ఫోనులో సాగుదారు పేరు రాయడానికి గడి తెరుచుకుంటుందా లేదా అన్నది ఒకసారి పట్టిక స్థిరపడిన తరువాత మార్చడం కష్టం.